ఆకాశవాణి యాజమాన్య చరిత్ర: చెల్లించిన శ్రోత, దక్కని భాగస్వామ్యం

వ్యాససంగ్రహం:
ఆకాశవాణి చరిత్రను కేంద్రాల ప్రారంభ తేదీలు, ట్రాన్స్‌మిటర్ల శక్తి, ప్రసిద్ధుల పేర్ల వరుసగా చెప్పుకోవడం మనకు అలవాటు. సంస్థ ఎవరి అధీనంలో నడిచింది, ఖర్చు ఎవరు భరించారు, నిర్ణయం ఎవరు తీసుకున్నారు అనే మూడు ప్రశ్నల వెలుగులో ఆ చరిత్రను తిరిగి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. 1927లో ప్రైవేటు కంపెనీగా మొదలైన ఈ వ్యవస్థ 1930లో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 1997లో చట్టబద్ధమైన కార్పొరేషన్‌లో భాగమైంది. రూపం ఎన్నిసార్లు మారినా శ్రోతకు అందులో స్థానం ఏర్పడలేదనీ, తెలుగు రేడియో సాహిత్యం నేడు పరిశోధకునికి సులభంగా అందకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆకాశవాణి, ప్రసార భారతి, యాజమాన్యం, లైసెన్సు రుసుము, శ్రోత, రేడియో సాహిత్యం, దక్కన్ రేడియో.

1. ఉపోద్ఘాతం

పురాణాలలో ఆకాశవాణి అంటే అశరీరవాణి. కంసునికి వినిపించిన మాట ఎక్కడినుంచి వచ్చిందో కనబడదు. ఎవరు పలికారో తెలియదు. అయినా ఆ మాటకు తిరుగులేదు. ఒక ప్రసారసంస్థకు ఈ పేరు పెట్టడంలో కవితాస్పర్శ ఉంది. దానితోపాటు ఒక మరుగు కూడా ఉంది. రేడియోలో పలికే గొంతుకు శరీరం లేకపోవచ్చు గాని, ఆ గొంతును నడిపే సంస్థకు శరీరం ఉంటుంది. దానికి మూలధనం, చట్టం, ఉద్యోగులు, జమాఖర్చులు ఉంటాయి.

తెలుగు సాహిత్యచరిత్రలు రేడియో నాటికను, సంగీత రూపకాన్ని, లలితగీతాన్ని ప్రస్తావించేటప్పుడు సాధారణంగా రచయితల పేర్ల వద్ద ఆగిపోతాయి. పత్రికల విషయంలో మన విమర్శకులు యజమాని ఎవరని తప్పక అడుగుతారు. కాశీనాథుని నాగేశ్వరరావు పేరు లేకుండా 'ఆంధ్రపత్రిక' చరిత్ర లేదు. రేడియో విషయంలో ఆ ప్రశ్న అంతగా వినబడదు. ప్రభుత్వానిది కదా అన్న సమాధానం ముందే సిద్ధంగా ఉండటం ఇందుకు కారణం కావచ్చు. కాని ఆ సమాధానం మొదటినుంచీ ఉన్నది కాదు. అది ఒక సంస్థ పతనం తరువాత, కొంత అయిష్టంగా ఏర్పడినది.

2. కంపెనీ దశ: 1927–1930

1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం తంతివార్తా సాధనాలపై ప్రత్యేకాధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రసారాలకు అనుమతి ఇచ్చే అధికారం కూడా ఆ చట్టం నుంచే వచ్చింది. ఆ అనుమతితో ఏర్పడిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జూలై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో కేంద్రాలను ప్రారంభించింది. బొంబాయి కేంద్రాన్ని వైస్రాయి లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు. రెండింటి శక్తి ఒకటిన్నర కిలోవాట్ల చొప్పున మాత్రమే.

ఇక్కడ ఒక కాలసామ్యాన్ని గమనించాలి. 1922లో కంపెనీగా పుట్టిన బి.బి.సి. 1927 జనవరి 1 నుంచి ప్రజాసంస్థగా, అంటే కార్పొరేషన్‌గా మారింది. బ్రిటన్ ఏ సంవత్సరంలో కంపెనీ రూపాన్ని విడిచిపెట్టిందో అదే సంవత్సరంలో ఇండియాలో ప్రసారాలు కంపెనీ చేతికి అందాయి. పాలకదేశంలో చాలదనుకున్న నమూనా పాలితదేశానికి సరిపోతుందని భావించినట్లయింది.

కంపెనీ అధీకృత మూలధనం 15 లక్షల రూపాయలు. జారీ అయినది 6 లక్షలు. అందులో నాలుగున్నర లక్షలు రెండు కేంద్రాల ఏర్పాటుకే ఖర్చయ్యాయి. శ్రోత ఏటా కట్టే 10 రూపాయల లైసెన్సు రుసుములో 80 శాతం కంపెనీకి చేరేది. దిగుమతి చేసుకున్న రేడియో పరికరాల విలువపై 10 శాతం కూడా దానికి రావలసి ఉండేది. మూతపడేనాటికి దేశంలో లైసెన్సుల సంఖ్య ఎనిమిది వేల లోపే. ఆ ఎనిమిది వేలనే లెక్కకు తీసుకున్నా రుసుము ద్వారా వచ్చే ఆదాయం ఏడాదికి 64,000 రూపాయలు దాటదు. రెండు మహానగరాల్లో ప్రతిరోజూ కార్యక్రమాలు నడపడానికి ఇది చాలదు. లైసెన్సు లేకుండా వినేవారు, రాయితీ చెల్లించని వర్తకులు ఈ ఇబ్బందిని పెంచారు. 1930 మార్చిలో కంపెనీ మూసివేత ప్రక్రియలోకి వెళ్లింది.

ఈ పతనాన్ని ప్రజల ఆసక్తిలేమిగా చదవడం సరికాదు. సెట్టు ధర సామాన్యునికి అందేది కాదు. ప్రసారం రెండు నగరాల చుట్టుపక్కలకే స్పష్టంగా చేరేది. శ్రోతలను పెంచుకోవాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడి రావాలంటే శ్రోతలు ఉండాలి. ఈ వలయంలో కంపెనీ చిక్కుకున్నది.

3. ప్రభుత్వ నిర్వహణ: అయిష్టంగా వచ్చిన యాజమాన్యం

1930 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ కేంద్రాలను తీసుకుని 'ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్' అని పేరు పెట్టింది. ఇది ఒక ఆశయంతో చేసిన జాతీయీకరణ కాదు. 1931 అక్టోబరులో పొదుపు పేరుతో ఈ సేవను మూసివేయాలని అదే ప్రభుత్వం నిర్ణయించింది. ప్రజల నుంచి, రేడియో వ్యాపారుల నుంచి వచ్చిన ఒత్తిడి వల్ల నవంబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నది. ఖర్చు భర్తీకి రేడియో సెట్లపై దిగుమతి సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచింది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడాన్ని నేరంగా చేసింది.

ఈ పరిణామంలో శ్రోత పాత్రను చూడాలి. మూతపడబోయిన సేవను నిలబెట్టినవారిలో శ్రోత ఒకడు. పెరిగిన సుంకం మోసినవాడు అతడే. చట్టం దృష్టిలో నేరస్థుడు కాగలవాడూ అతడే. అతనికి లేనిది ఒక్కటే: ఏమి ప్రసారం కావాలో చెప్పగల స్థానం.

1935లో బి.బి.సి. నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ ప్రసారాల కంట్రోలరుగా బాధ్యత స్వీకరించాడు. 1936 జూన్ 8న సంస్థ పేరు 'ఆల్ ఇండియా రేడియో'గా మారింది. పాత పేరులోని 'స్టేట్' అన్న మాట ఫీల్డెన్‌కు నచ్చలేదు. సచివాలయం అడ్డు చెప్పకుండా ఉండాలని, కొత్త పేరు వైస్రాయి లిన్‌లిత్‌గో నోటినుంచే వచ్చేలా మాట కలిపానని అతడు తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇది చమత్కారమైన ఉదంతమే. కాని పేరులోనుంచి 'స్టేట్' తొలగింది గాని యాజమాన్యంలోనుంచి తొలగలేదు. అధికారాన్ని మార్చలేనివాడు పేరును మార్చాడు. ఈ సంస్థ చరిత్రలో ఇది తరువాత కూడా జరిగింది. 1957లో 'ఆకాశవాణి' అన్న పేరు అధికారికమైంది. 2023లో ఆంగ్లనామాన్ని పక్కనపెట్టి ఆ ఒక్క పేరునే వాడాలన్న నిర్ణయం వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ శ్రోతకూ సంస్థకూ ఉన్న సంబంధం మారలేదు.

4. తెలుగు శ్రోత చూసిన నాలుగు నమూనాలు

తెలుగు శ్రోతల అనుభవం బొంబాయి, కలకత్తా శ్రోతల అనుభవం కంటె భిన్నమైనది. మద్రాసులో, హైదరాబాదులో ప్రసారాలు నాలుగు రకాల యాజమాన్యాల కింద నడిచాయి.

మొదటిది శ్రోతల సంఘం. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఆ ఏడాది జూలై 31న ప్రసారాలు ప్రారంభించింది. వినేవారే సభ్యులై నడిపిన ఈ ప్రయత్నం ఆర్థిక ఇబ్బందులతో 1927లో ఆగిపోయింది. రెండవది పురపాలక సంస్థ. క్లబ్ ట్రాన్స్‌మిటర్‌ను అందుకున్న మద్రాసు కార్పొరేషన్ 1930 నుంచి ప్రసారాలు నిర్వహించింది. సముద్రతీరంలో, ఉద్యానవనాల్లో లౌడ్‌స్పీకర్లు అమర్చి, సెట్టు కొనలేనివారికి కూడా సంగీతం వినిపించింది. మూడవది సంస్థానం. హైదరాబాదులో వ్యక్తిగత చొరవతో మొదలైన కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. దక్కన్ రేడియోగా పేరొందిన ఆ కేంద్రంలో ఉర్దూకు అగ్రస్థానం. తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొంత చోటు. నాలుగవది కేంద్రప్రభుత్వ శాఖ. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. పురపాలక ప్రసారాలు ముగిశాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో దక్కన్ రేడియో కూడా ఆల్ ఇండియా రేడియోలో కలిసింది.

ఈ నాలుగింటిలో శ్రోత మొదట సభ్యుడు, తరువాత పౌరుడు, ఆపైన సంస్థాన ప్రజ, చివరకు లైసెన్సుదారు. ప్రసారాల పరిధి, నాణ్యత పెరుగుతూ వచ్చాయి. అదే సమయంలో నిర్ణయం జరిగే చోటు శ్రోతకు దూరమవుతూ వచ్చింది. సంస్థ అధికారిక చరిత్ర మొదటి అంశాన్నే నమోదు చేస్తుంది. స్వాతంత్ర్యం నాటికి ప్రసారం దేశ విస్తీర్ణంలో 2.5 శాతానికి, జనాభాలో 11 శాతానికి చేరేదనీ, నేడు దాదాపు జనాభా మొత్తానికి చేరుతున్నదనీ అది చెబుతుంది. ఈ అంకెలు తప్పు కావు. కాని అవి తరంగం చేరిన నేలను కొలుస్తాయి. విన్న మనిషిని, అతని అభిప్రాయాన్ని కొలవవు.

5. రచయిత స్థానం: 'సౌజన్యంతో' అన్న మాట

శాఖగా ఉన్న దశలోనే తెలుగు రేడియో సాహిత్యం వికసించింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, త్రిపురనేని గోపీచంద్, బుచ్చిబాబు, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు హోదాల్లో ఈ కేంద్రాలలో పనిచేశారు. ఉషశ్రీ పురాణ ప్రవచనం విజయవాడ కేంద్రం నుంచి ఇంటింటికీ చేరింది. చదివే సాహిత్యానికి సమాంతరంగా వినే సాహిత్యం ఒకటి ఏర్పడిన కాలమది.

అయితే ఈ సృజనకు సంస్థలో ఇచ్చిన స్థానం ఏమిటి? కళాకారులలో, రచయితలలో చాలామంది 'స్టాఫ్ ఆర్టిస్టు' అన్న వర్గంలో ఉండేవారు. జీతం బదులు 'ఫీజు', నియామకం బదులు 'కాంట్రాక్టు'. పాలనా విభాగంలోని గుమాస్తాకు ఉన్న ఉద్యోగ భద్రత నాటకాన్ని రూపొందించిన కళాకారునికి చాలాకాలం లేదు. వారికి ప్రభుత్వోద్యోగులుగా గుర్తింపు స్థిరపడింది 1980లలోనే.

ఆ రోజుల తెలుగు వారపత్రికల్లో, సంకలనాల్లో రచన చివర తరచు కనిపించే ఒక వాక్యం ఉంది: ఫలానా ఆకాశవాణి కేంద్రం సౌజన్యంతో. చదువరి దీనిని మర్యాదవాక్యంగా దాటిపోతాడు. యాజమాన్య దృష్టితో చదివితే ఇదొక హక్కుపత్రం. రాసింది రచయిత, రుసుము కట్టింది శ్రోత, సౌజన్యం చూపినట్లు నమోదైంది సంస్థ. ప్రసారహక్కు సంస్థకు దఖలు పడటం ఒప్పందం ప్రకారం సక్రమమే. కాని హక్కుతోపాటు భద్రపరిచే బాధ్యత రావాలి. అయస్కాంత టేపు ఖరీదైన రోజుల్లో ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి ఆ టేపును మళ్లీ వాడుకోవడం మామూలు. రచయిత తన ప్రతిని దాచుకున్నదో, పత్రిక అచ్చువేసినదో మిగిలింది. సంస్థ కార్యక్రమ పత్రిక 'వాణి' కూడా కాలక్రమంలో ఆగిపోయింది. అందువల్ల తెలుగు రేడియో నాటికపై పరిశోధన ఎక్కువగా అచ్చయిన పాఠంపై పరిశోధనగా మిగిలిపోతున్నది. గొంతు, విరామం, నేపథ్యధ్వని లేని నాటికను రేడియో నాటిక అని విశ్లేషించవలసి వస్తున్నది.

6. స్వయంప్రతిపత్తి: ఆలస్యంగా వచ్చిన కార్పొరేషన్

ప్రభుత్వశాఖ రూపం చాలదన్న అభిప్రాయం ప్రభుత్వ కమిటీలలోనే వ్యక్తమైంది. 1966లో చందా కమిటీ రేడియోకు, టెలివిజన్‌కు వేర్వేరు కార్పొరేషన్లు సూచించింది. ప్రభుత్వం చేసిన మార్పు 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్‌ను ఆకాశవాణి నుంచి వేరుచేయడం. రెండూ శాఖలుగానే ఉండిపోయాయి. అత్యవసర పరిస్థితి కాలంలో ప్రసారాలు ఎవరి గొంతుగా మారగలవో దేశం చూసింది. ఆ తరువాత బి.జి. వర్గీస్ నాయకత్వంలోని బృందం 1978లో 'ఆకాశ్ భారతి' అనే స్వతంత్ర ట్రస్టును ప్రతిపాదించింది. 1979లో వచ్చిన బిల్లు లోక్‌సభ రద్దుతో వీగిపోయింది.

తరువాతి దశలో ముఖ్యపాత్రలు వహించినవారిలో తెలుగువారు కొందరుండటం గమనించదగినది. 1990లో ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటులో నడిపించిన మంత్రి పర్వతనేని ఉపేంద్ర. ఆ చట్టం అమలు కాకుండా ఉండిపోయిన సంవత్సరాలలో ఎక్కువ భాగం పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆయన వేరుగా రాసిన అభిప్రాయంలో ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్నీ, ప్రైవేటు గుత్తాధిపత్యాన్నీ సమానంగా తిరస్కరించారు. చివరకు 1997 సెప్టెంబరు 15న చట్టం అమలులోకి వచ్చినప్పుడు సమాచార ప్రసార మంత్రి ఎస్. జైపాల్‌రెడ్డి.

ఈ తేదీల మధ్య మరొక తేదీని ఉంచి చూడాలి. 1985లో రేడియో లైసెన్సు రుసుము రద్దయింది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి లైసెన్సు పుస్తకాన్ని పునరుద్ధరించుకునే బెడద తప్పినందుకు శ్రోత సంతోషించాడు. అది సహజమే. కాని సంస్థకూ శ్రోతకూ మధ్య ఉన్న ఒకే ఒక్క లెక్కదారం కూడా అప్పుడే తెగిపోయింది. శ్రోత రుసుము కట్టిన ఐదు దశాబ్దాలకు పైగా కాలంలో కార్పొరేషన్ లేదు. కార్పొరేషన్ వచ్చేనాటికి, పన్ను చెల్లింపుదారుగా తప్ప, శ్రోతగా అతడు చెల్లించేది ఏమీ లేదు. బ్రిటన్‌లో ప్రజాసంస్థ, శ్రోత రుసుము కలిసి నడిచాయి. ఇక్కడ ఒకటి పోయిన పన్నెండేళ్లకు రెండవది వచ్చింది.

ఫలితంగా ప్రసార భారతి జీతభత్యాలకు నేటికీ కేంద్రప్రభుత్వ నిధులపైనే ఆధారపడుతున్నది. నిర్వహణ వ్యయానికి ప్రకటనల ఆదాయం వెతుక్కోవాలి. వాణిజ్య ప్రకటనలు 1967లోనే వివిధభారతి ద్వారా ప్రవేశించాయి. కాబట్టి సంస్థ చెవి ఒకటి మంత్రిత్వశాఖ వైపు, మరొకటి ప్రకటనదారు వైపు ఉంటుంది. శ్రోతల ఫిర్యాదులు స్వీకరించడానికి ప్రసారమండలిని, పర్యవేక్షణకు పార్లమెంటరీ సంఘాన్ని చట్టం పేర్కొన్నది. అవి చట్టంలో కనిపించినంతగా ఆచరణలో కనిపించవు.

7. ఒక ఆక్షేపణ

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఉంది. ప్రభుత్వశాఖగా ఉన్నప్పుడే కదా ఉత్తమమైన రేడియో సాహిత్యం వచ్చింది. యాజమాన్య రూపానికీ సృజనకూ సంబంధం ఏమిటి? లాభం లెక్కించని శాఖ కాబట్టే శాస్త్రీయ సంగీతానికి, గేయనాటికకు, వ్యవసాయ ప్రసంగానికి చోటు దొరికిందన్నది కాదనలేని నిజం. 1995 తరువాత తెలుగులో విస్తరించిన ప్రైవేటు చానళ్లను చూసినవారు ఈ ఆక్షేపణను ఇంకా బలంగా చేస్తారు.

దీనికి సమాధానం రెండు భాగాలు. మొదటిది: లాభాపేక్ష లేకపోవడం ప్రభుత్వశాఖకే ప్రత్యేకం కాదు, ప్రజాసంస్థకు కూడా అది సాధ్యమే. రెండవది: శాఖలో మంచి పని అభిరుచి గల అధికారి ఇచ్చిన వెసులుబాటుగా జరిగింది, హక్కుగా కాదు. 1952 తరువాత మంత్రి బి.వి. కేస్కర్ అభిరుచి మేరకు సినిమా సంగీతం ఆకాశవాణి నుంచి దాదాపు తొలగింది. శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. 1957లో వివిధభారతి పుట్టింది. సాహిత్యవేత్తలను ప్రొడ్యూసర్లుగా ఆహ్వానించినది కూడా ఆ మంత్రి కాలమే. ఒకే వ్యక్తి అభిరుచి ఒక తలుపు మూసి మరొకటి తెరిచింది. తెరిచిన తలుపుకు కృతజ్ఞత చెప్పవచ్చు. కాని తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

8. ముగింపు

ఆకాశవాణి యాజమాన్య చరిత్ర ప్రైవేటు వైఫల్యం నుంచి ప్రభుత్వ రక్షణకు, అక్కడినుంచి స్వయంప్రతిపత్తికి సాగిన వికాసగాథ అని చెప్పడం తేలిక. పై పరిశీలనలో ఆ గాథ నిలవదు. కంపెనీకి శ్రోత ఖాతాదారు, శాఖకు లైసెన్సుదారు, కార్పొరేషన్‌కు జనాభా శాతంలో ఒక అంకె. అతడు సభ్యుడుగా ఉన్నది మద్రాసు క్లబ్ నడిచిన మూడేళ్లే.

ఈ నిర్ధారణ నుంచి సాహిత్య పరిశోధనకు రెండు పనులు ఏర్పడుతున్నాయి. రేడియో రచనను చర్చించేటప్పుడు అది ఏ కేంద్రంలో, ఏ యాజమాన్యం కింద, ఏ ఒప్పందంతో వెలువడిందో నమోదు చేయాలి. 1940లో దక్కన్ రేడియోలో చదివిన తెలుగు ప్రసంగాన్నీ, అదే ఏడు మద్రాసు కేంద్రంలో చదివిన ప్రసంగాన్నీ ఒకే గాటన కట్టడం కుదరదు. రెండవ పని సంస్థను అడగవలసినది. హైదరాబాదు, విజయవాడ, కడప, విశాఖపట్నం కేంద్రాలలో మిగిలిన ధ్వనిముద్రణల, లిఖితప్రతుల పూర్తి జాబితాను కేంద్రాలవారీగా ప్రకటించాలి. వాటిని పరిశోధకులు వినే వీలు కల్పించాలి. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని న్యాయస్థానం చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. ఆ తరంగాలపై ప్రయాణించిన తెలుగు మాట ఎంత మిగిలిందో తెలుసుకునే హక్కు, దానికి రుసుము కట్టిన శ్రోతల వారసులకు ఉంది.